నీటికి సాక్షి ఎవరు? కొచ్చి కాయల్‌లో మైల, కాలుష్యం, కొలత

నీళ్ళు చెడిపోవడానికి మన భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి మైల, రెండోది కాలుష్యం. మైల పాత మాట. దాన్ని తేల్చడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ముంచిన చెయ్యి ఏ కులానిదో తెలిస్తే చాలు. కాలుష్యం కొత్త మాట. దాన్ని తేల్చడానికి సీసా కావాలి, రసాయనం కావాలి, ప్రయోగశాల కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా అధికారి సంతకం కావాలి. మొదటిది పచ్చి అబద్ధం, రెండోది శాస్త్రం. ఈ తేడాను ఎవరూ చెరపలేరు, చెరపకూడదు కూడా. అయితే రెండింటికీ ఒక పోలిక ఉంది. నీళ్ళు బాగున్నాయో చెడ్డాయో తీర్పు చెప్పే హక్కు ఆ నీళ్ళలో దిగి బతికేవాళ్ళకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు మహద్‌లోని చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత అక్కడి సవర్ణులు కుండలకొద్దీ పేడ, పంచితం, పాలు, పెరుగు చెరువులో కుమ్మరించి 'శుద్ధి' చేశారు. శుద్ధికి ముందరి నీళ్ళనూ తర్వాతి నీళ్ళనూ పక్కపక్కన పెట్టి పరీక్షించి ఉంటే ఏది మెరుగని తేలేదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ ఆ రోజు పరీక్ష జరిగింది నీటికి కాదు, మనుషులకు. ఈ సంగతి మనకు బాగా తెలిసిందే. నీటిని నిజంగానే పరీక్షించే కాలం వచ్చాక ఏం జరిగిందన్నదే ఈ వ్యాసంలో చూడబోతున్నాం.

దీనికోసం కేరళలోని కొచ్చి నదీముఖాన్ని తీసుకుందాం. వేంబనాడ్ కాయల్‌లో ఇది ఉత్తర భాగం. కాయల్ అంటే సముద్రానికీ నేలకూ నడుమ పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. ఉత్తరం నుంచి పెరియార్, దక్షిణం నుంచి మూవాట్టుపుళ, మీనచిల్, మణిమల, పంపా, అచ్చన్‌కోవిల్ నదులు వచ్చి ఈ నీటిలో కలుస్తాయి. కొచ్చి మొగ దగ్గర సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి లోపలికి వస్తుంది, రెండుసార్లు ఆటుతో వెనక్కి పోతుంది. దేశంలో శాస్త్రవేత్తలు బాగా పరిశోధించిన నదీముఖాల్లో ఇదొకటి. దళిత ఉద్యమ చరిత్రలోనూ దీనికి పెద్ద చోటుంది. ఈ రెండు చరిత్రలనూ మామూలుగా విడివిడిగా చదువుతాం. కలిపి చదివితేనే నీటి కొలత వెనుక ఉన్న కులం కనిపిస్తుంది.

నీటి మీద సభ

అయ్యంకాళి పేరు తెలుగు దళిత ఉద్యమానికి కొత్త కాదు. ఆయన తిరువాన్కూరులో ఎడ్లబండెక్కి రాజవీధిలో నడిచిన కాలంలోనే, దాని పక్కనున్న కొచ్చి సంస్థానంలోనూ పులయలు వెట్టి కింద నలుగుతున్నారు. దున్నేది వాళ్ళు, నాటేది వాళ్ళు, కోసేది వాళ్ళు. కేరళలో అంటరానితనం తాకడంతో ఆగలేదు, దగ్గరికి రావడమే నేరమైంది. ఏ కులం వాడు ఏ కులం వాడికి ఎన్ని అడుగుల దూరంలో ఆగాలో లెక్కలుండేవి. అట్లాంటి చోట పులయలు ఎర్నాకుళంలో నేల మీద సభ పెట్టుకోవడం ఎట్లా?

1913లో వాళ్ళు సభ నీటి మీద పెట్టుకున్నారు. పడవలు తెచ్చి, ఒకదానికొకటి కట్టి, పైన పలకలు పరిచి, కాయల్ నడుమ సమావేశమయ్యారు. కాయల్ సమ్మేళనంగా చరిత్రకెక్కిన ఈ సభ కొచ్చి పులయ మహాసభ పుట్టుకతో ముడిపడి ఉంది. కృష్ణాది ఆశాన్, కె.పి. వల్లోన్ వంటి పులయ నాయకులకు తోడుగా నిలిచినవాడు పండిట్ కె.పి. కరుప్పన్ (1885-1938). ఆయనది చేపలు పట్టే వాలన్ కులం, ఊరు పెరియార్ పాయ ఒడ్డునున్న చేరానల్లూర్. 'జాతికుమ్మి' రాసి కులాన్ని ప్రశ్నించిన కవి. 1925లో కొచ్చి శాసనమండలికి నామినేటై అట్టడుగు కులాల గొంతు అక్కడ వినిపించాడు. తర్వాత వల్లోన్ కూడా ఆ మండలిలో కూర్చున్నాడు.

ఈ సభను ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం, సరైనదే. ఇందులో ఇంకో విషయమూ ఉంది. నేల మీద ప్రతి అడుగుకూ యజమాని ఉన్నాడు, ప్రతి దారికీ దూరం లెక్క ఉంది. రోజూ నాలుగుసార్లు దిక్కు మార్చుకునే నీటి మీద ఆ గీతలు గియ్యడం కుదరలేదు. ఆటుపోట్ల లెక్క తెలియనివాళ్ళకు పడవలు కట్టి సభ నిలపడం సాధ్యమయ్యే పని కూడా కాదు. అంటే నేలమీద నోరు లేకుండా చేసిన మనుషులకు నీటి మీద నోరిచ్చింది ఆ నీటి గురించి వాళ్ళకున్న జ్ఞానమే. చేపలు పట్టే కులమూ, పొలం పనిచేసే కులమూ ఆ జ్ఞానం దగ్గర కలుసుకున్నాయి.

బురదలో చదువు

కొచ్చి చుట్టూ ఉన్న లోతట్టు పొలాల్లో పొక్కాలి అనే ఉప్పును తట్టుకునే వరి పండుతుంది. జూన్‌లో వానలు పడి నదులు నిండినప్పుడు ఉప్పునీరు మొగ వైపు వెనక్కి పోతుంది. పొలంలో మట్టిని ముందే కుప్పలుగా చేసి ఉంచుతారు. వాన నీరు కుప్పల మీద పడి ఉప్పును కిందికి దించుతుంది. ఉప్పు విరిగాక మొలకెత్తిన గింజలు కుప్పల మీద చల్లుతారు, నారు ఎదిగాక కుప్పలు విడదీసి పొలమంతా పరుస్తారు. కోతల నాటికి నడుములోతు నీళ్ళు. వెన్నులు మాత్రం కోసి, మిగతా గడ్డి నీటిలోనే వదిలేస్తారు. ఆ గడ్డి కుళ్ళి రొయ్యపిల్లలకు మేత అవుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్యదాకా అదే పొలం రొయ్యల చెరువు. పోటుకు తూము ఎత్తి నీళ్ళతో పాటు పిల్లల్ని లోపలికి రానిస్తారు, ఆటుకు వల కట్టి పెద్దవాటిని పడతారు.

ఈ పనిలో పులయల శ్రమ, అందులోనూ ఆడవాళ్ళ శ్రమ ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. శ్రమ గురించి మనం చాలా రాశాం. ఆ శ్రమలోని చదువు గురించి తక్కువ రాశాం. ఉప్పు విరిగిందా లేదా అన్నది ప్రతి ఏడూ ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. రెండు రోజులు ముందు చల్లితే మొలక మాడుతుంది. తూము పలక ఎంత ఎత్తాలి, అమావాస్య పోటుకు ఎంత, అష్టమి నాటికి ఎంత, నీటిరంగు మారితే దేనికి గుర్తు, చేప పైకి తేలి నోరు తెరిస్తే దేనికి గుర్తు. ఇవన్నీ తెలిసినవాళ్ళే ఆ పొలాన్ని నడిపించారు. ఈ రోజు 'నీటి నాణ్యత పర్యవేక్షణ' అని పెద్ద పేరు పెట్టిన పని ఇదే గదా. తేడా అల్లా, వాళ్ళ లెక్కలు పుస్తకానికెక్కలేదు.

దక్షిణాన కుట్టనాడ్‌లో కథ ఇంకా కఠినం. కాయల్ అడుగు నుంచి బురద తోడి, గట్లు కట్టి, నీళ్ళు తోడేసి, సముద్రమట్టం కన్నా కిందనున్న నేలను వరి పొలంగా మార్చారు. నీళ్ళలో మునిగి బురద ముద్దలు పైకి తెచ్చింది దళిత కూలీలు, పొలాల పేర్లు మాత్రం రాజులవీ రాణులవీ. గట్టు తెగినప్పుడు దాన్ని నిలబెట్టడానికి పులయ మనుషుల్ని బలి ఇచ్చారన్న కథలు అక్కడి జనం నోళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

1970 నుంచి అమలైన భూసంస్కరణల్లో కౌలుదారులకు పొలం దక్కింది. కూలీలకు దక్కింది గుడిసె జాగా, పంచాయతీల్లో 10 సెంట్లు, మున్సిపాలిటీల్లో 5, నగరాల్లో 3. పొలంలో పని తెలిసినవాళ్ళకు పొలం రాలేదు, తూము మీద హక్కూ రాలేదు. పొక్కాలి ఊళ్ళలో ఒక పాత ఆనవాయితీ మాత్రం మిగిలింది. ఏప్రిల్ మధ్యలో రొయ్యల గడువు ముగిశాక ఊరి పేదలంతా చెరువులోకి దిగి మిగిలింది పట్టుకోవచ్చు. ఏడాదంతా రొయ్యలే పెంచుదామని భూస్వాములు వరి మానేసిన చోట కూలీల పనిదినాలతో పాటు ఈ హక్కుకూ చేటు వచ్చింది. 'ఒక వరి, ఒక చేప' అన్న నినాదం ఆ పోరులోనిదే.

రిజిస్టర్లకెక్కిన నీరు

కొచ్చి మొగలో ఇసుక మేటను తవ్వి పెద్ద ఓడలకు దారి చేసింది రాబర్ట్ బ్రిస్టో. 1928లో ఆ దారిన ఓడ లోపలికి వచ్చింది. తవ్వి పోసిన మట్టితో విల్లింగ్డన్ ద్వీపం లేచింది. 1913లో పులయలకు సభకు జాగా లేదన్న ఊళ్ళో, రేవు కోసం నీటిలోంచి కొత్త నేలనే పుట్టించారన్నమాట.

అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనా యాత్ర జరుగుతున్న రోజుల్లో, 1962లో కొచ్చిలో హిందూ మహాసముద్ర జీవశాస్త్ర కేంద్రం వచ్చింది. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడ్డాక అందులో కలిసింది. 1971లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రధాన కార్యాలయం కొచ్చికి వచ్చింది. కాయల్‌లో ఉప్పు, ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, నైట్రేటు, ఫాస్ఫేటు, తేలియాడే సూక్ష్మజీవులు, అడుగు బురదలోని పురుగులు, అన్నీ లెక్కకొచ్చాయి. ఇది విలువైన పని. దీన్ని తోసిపారేసే దళిత రాజకీయం ఏదైనా ఉంటే అది మన కాళ్ళను మనమే నరుక్కోవడం.

అయితే ఏ ప్రశ్నకు జవాబుగా కొలిచారన్నది కూడా చూడాలి. కుట్టనాడ్‌లో రెండో పంట కోసం ఉప్పునీటిని అడ్డుకోవాలని తణ్ణీర్‌ముక్కం దగ్గర కాయల్‌కు అడ్డంగా కట్ట వేశారు. 1976లో అది వాడుకలోకి వచ్చింది. డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్యదాకా తలుపులు మూస్తారన్నది నియమం. మూస్తే దక్షిణాన నీరు కదలదు. పురుగుమందు, ఎరువు, మురుగు అక్కడే నిలుస్తాయి, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. మన దగ్గర నీలకంఠ రొయ్య అనే పెద్ద రొయ్య పెరిగేది మంచినీటిలో, పిల్లలు పెట్టేది ఉప్పు కలిసిన నీటిలో. దిగువకు పోయి పిల్లలు పెట్టాలి, ఆ పిల్లలు మళ్ళీ ఎగువకు రావాలి. దారిలో తలుపు పడింది. వరి దిగుబడి పెరిగిందా లేదా అన్న లెక్క ప్రభుత్వానికి వెంటనే కావలసి వచ్చింది. చేత్తో రొయ్య పట్టుకుని ఆ పూట కూర వండుకునే ఇంటికి ఎంత తగ్గిందన్న లెక్క ఎవరికీ అవసరం పడలేదు.

ఏ వేళ కొలిచారు?

నదీముఖంలో కొలత చెరువులో కొలతలాంటిది కాదు. విద్యార్థులు, కార్యకర్తలు ఈ కిటుకు తెలుసుకోవాలి.

బరువైన ఉప్పునీరు అడుగున, తేలికైన నదీజలం పైన నడుస్తాయి. పడవలోంచి చెయ్యి చాచి పైనీళ్ళు పట్టుకుంటే ఒక ఫలితం, అడుగునీళ్ళు తీస్తే ఇంకొక ఫలితం. పోటు మీద ఉన్నప్పుడు సముద్రపు నీరు వచ్చి విషాన్ని పలుచన చేస్తుంది, ఆటు చివర తీస్తే ఎగువ నుంచి దిగిన మురుగు ఉన్నదున్నట్టు దొరుకుతుంది. పగలంతా నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా నాచూ చేపలూ సూక్ష్మజీవులూ అన్నీ దాన్ని పీల్చుకుంటాయి. అందుకని తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, మధ్యాహ్నానికి కోలుకుంటుంది. చేపలు చచ్చేది ఎక్కువగా ఆ తెల్లవారుజామునే. ఆఫీసు తెరిచేది పదింటికి, జీపు వచ్చేసరికి మధ్యాహ్నం. అప్పటికి రెండు దఫాలు నీరు మారింది. తీసిన సీసాలో ఉన్నది హత్య జరిగిన చోట తర్వాత వచ్చి నిలబడ్డ నీరు. అది నిర్దోషి అని తేలడంలో వింతేముంది? ఇక్కడ శాస్త్రం తప్పు చెప్పలేదు. శాస్త్రాన్ని పిలిచిన వేళ తప్పు.

నీరు మరిచిపోయినా బురద మరవదు. సీసం, కాడ్మియం, జింకు వంటి లోహాలు, డీడీటీ వంటి మందులు బురద రేణువులను అంటుకుని ఏళ్ళతరబడి అడుగున ఉంటాయి. బురదలోని పురుగులు కూడా సాక్షులే. మురుగు పెరిగిన చోట రకరకాల జీవులు మాయమై, కాపిటెల్లా లాంటి ఒకటి రెండు రకాలే గుంపులుగా మిగులుతాయి. గుల్లలు ఇంకా మంచి సాక్షులు. ఉన్నచోటు కదలకుండా నీటిని వడగట్టుకుని తింటాయి గనుక నీటిలోని విషం వాటి మాంసంలో పోగవుతుంది. 1975లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ తీరమంతా ఆలిచిప్పల్నే కాపలాదార్లుగా పెట్టుకుందామని ప్రతిపాదించాడు, అది ప్రపంచమంతా వ్యాపించింది. వేంబనాడ్ నల్లగుల్లల వేటకు దేశంలోనే పేరున్న చోటు. మునిగి గుల్ల తీసే మనిషి రోజంతా ఆ నీళ్ళలోనే ఉంటాడు, అదే బురద తొక్కుతాడు. గుల్ల మాంసం ప్రయోగశాలలో సాక్ష్యమైంది. గుల్ల తీసిన మనిషి మాట ఇంకా పుకారు కిందే ఉంది.

చట్టంలో ఎవరి సంతకం?

1974 నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండళ్ళు వచ్చాయి. కర్మాగారం వదిలే నీటి నమూనా కోర్టులో చెల్లాలంటే ఏం చెయ్యాలో ఆ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. మండలి అధికారమిచ్చిన మనిషే నమూనా తియ్యాలి. కర్మాగారం వాళ్ళకు నోటీసు ఇవ్వాలి. వాళ్ళ ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నిందితుడికి అన్యాయం జరగకూడదన్న నియమం మంచిదే. కానీ ఆ సీసా మీద మూడో సంతకానికి చోటు లేదు. చేపలు చచ్చినవాడు, ఒళ్ళంతా దురదలు పట్టినవాడు అక్కడ ఉండాలని చట్టం అడగదు. 1988 సవరణతో మామూలు పౌరుడు కూడా 60 రోజుల నోటీసిచ్చి కోర్టుకెళ్ళే వీలు వచ్చింది. ఆటుపోట్లు రోజుకు నాలుగుసార్లు తిరిగే నీటిలో 60 రోజులంటే ఎంతో ఆలోచించండి.

తీర జలాలకు పెట్టిన ప్రమాణాల్లో నీటిని ఐదు తరగతులు చేశారు. మొదటి తరగతి ఉప్పు మడులకు, గుల్లలకు, జీవజాలం నాజూకుగా ఉన్న చోట్లకు. అందులో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. రెండోది స్నానాలకు, చేపల వేటకు, 4 మిల్లీగ్రాములు. మూడోది పరిశ్రమల చల్లబరుపుకు, నాలుగోది రేవులకు. ఐదోది ఓడల రాకపోకలకూ, వ్యర్థాలు వదలడానికీ. నాలుగు వర్ణాలూ, వాటి బయట మురికి మొయ్యడానికి పంచములూ ఉన్న దేశంలో నీటికి కూడా ఐదు తరగతులు వచ్చి, చిట్టచివరి దాని మీద చెత్త పడటం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఒక పాయను ఏ తరగతిలో వెయ్యాలన్నది అక్కడ ఎవరి పనిని 'వాడకం'గా లెక్కించారన్న దాని మీద నడుస్తుంది. ఓడ కనిపిస్తే అది రేవు. నడుములోతులో చేత్తో రొయ్యలు పట్టే ఆడమనిషి కనిపిస్తే అది రెండో తరగతి నీరు కావాలి. కనిపించాలి గదా!

ఏలూర్

ఇది మన ఏలూరు కాదు, పెరియార్ ఒడ్డున కొచ్చికి ఎగువనున్న ఏలూర్. 1947లో అక్కడ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. తర్వాత రసాయనాలు, పురుగుమందులు, జింకు, ఒకదాని వెంట ఒకటి వచ్చి ఏలూర్, ఎడయార్ ప్రాంతంలో రెండు వందలకు పైగా కర్మాగారాలయ్యాయి. నీరు రంగు మారడం, చేపలు తేలడం అక్కడివాళ్ళకు అలవాటైన దృశ్యం.

1999లో గ్రీన్‌పీస్ అక్కడి కుళికండం కాలువ బురదను పరీక్షించి డీడీటీతో పాటు ఇంకా అనేక క్లోరిన్ రసాయనాలున్నాయని బయటపెట్టింది. ఊరివాళ్ళు ఎన్నాళ్ళుగానో చెబుతున్నదే అది. విదేశీ ప్రయోగశాల ముద్ర పడ్డాక వినిపించింది. 2003లో సుప్రీంకోర్టు ప్రమాదకర వ్యర్థాలపై వేసిన పర్యవేక్షణ సంఘం 2004లో ఏలూర్ వచ్చి, స్థానిక ప్రాంత పర్యావరణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఇందులో ఊరి మనుషులకు, ఉద్యమకారులకు చోటు దక్కింది, కర్మాగారాల్లోకి వెళ్ళి తనిఖీ చేసే హక్కూ దక్కింది. నడిచింది కొద్ది సంవత్సరాలే. అయినా నీటి చరిత్రలో అది పెద్ద మలుపు. బాధితుడు ఫిర్యాదుదారుగా గేటు బయట నిలబడకుండా, కొలిచేవాడుగా లోపలికి నడిచాడు.

20 ఏళ్ళ తర్వాత, 2024 మే 20 రాత్రి, పెరియార్‌లో మళ్ళీ చేపలు చచ్చాయి. ఏలూర్ నుంచి వరాపుళ, కడమక్కుడి, చేరానల్లూర్ దాకా తెల్లారేసరికి నీటి మీద తెల్లగా తేలాయి. అవును, కరుప్పన్ పుట్టిన చేరానల్లూరే. అప్పు తెచ్చి పంజరాల్లో చేపలు పెంచుకుంటున్నవాళ్ళు మొత్తం పోగొట్టుకున్నారు, పంజరంలో చేపకు పారిపోయే దారి ఉండదు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన వివరణ ప్రకారం పాతాళం దగ్గరి అడ్డుకట్ట తలుపులు తెరవడంతో నిలవనీరు ఒక్కసారి దిగి ఆక్సిజన్ పడిపోయింది. కేరళ మత్స్య, సముద్ర విజ్ఞాన విశ్వవిద్యాలయం నిపుణుల నివేదికలో అమోనియా, సల్ఫైడు ప్రాణాంతకమైన స్థాయిలో ఉన్నాయని తేలింది. ఇద్దరూ శాస్త్రమే చెప్పారు. మొదటి వివరణ ప్రకారం దోషి అడ్డుకట్ట తలుపు. రెండో దాని ప్రకారం, ఆ నిలవనీటిలోకి అమోనియా, సల్ఫైడు ఎట్లా వచ్చాయో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పరిహారం ఎవరిస్తారన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. నష్టం లెక్క వల, పడవ, పంజరం, లైసెన్సు ఉన్నవాళ్ళతో మొదలవుతుంది. వల లేకుండా చేత్తో పట్టేవాళ్ళు, గుల్లలు ఏరేవాళ్ళు, ఏప్రిల్‌లో చెరువు గడువు తీరాక దిగే దళిత ఆడవాళ్ళు ఏ జాబితాలో ఉంటారు? మత్స్యకార కులాల నష్టం నిజమైనదే. కానీ ఆ నష్టం పేరుతో వేసిన లెక్కలో దళితుల నష్టం కలిసిపోయి కనపడకుండా పోతే అది కరుప్పన్ కోరుకున్న పొత్తు కాదు.

పుస్తకం ఎవరి చేతిలో?

దక్షిణ వేంబనాడ్‌లో 2008 నుంచి ఏటా చేపల లెక్క జరుగుతోంది. ఆట్రీ అనే పరిశోధనా సంస్థ అలప్పుళలో నడిపే కేంద్రం చొరవతో వేటగాళ్ళు, విద్యార్థులు, పరిశోధకులు కలిసి పడవల మీద వెళ్ళి ఏ రకాలు దొరికాయో రాస్తారు, నీటిని పరీక్షిస్తారు. ఒక్క ఏడాది లెక్కతో ఏమీ తేలదు. వరసగా పదేళ్ళు రాస్తే ఏ చేప ఎప్పటి నుంచి కనపడటం లేదో కాదనలేని సాక్ష్యమవుతుంది. వేటగాడికి పేరు తెలుసు, విద్యార్థికి శాస్త్రనామం తెలుసు, ఇద్దరూ ఒకే పేజీలో రాస్తారు. ఇట్లాంటి పనిలో మనం అడగాల్సింది ఒకటే. పడవ నడిపేవాడు, వల విసిరేవాడు అక్కడి మనిషయ్యాక, పుస్తకం ఎవరి దగ్గరుంది? లెక్కలు విడుదల చేసే రోజున వేదిక మీద ఎవరు కూర్చుంటారు?

మన తీరంలోనూ ఈ ప్రశ్న ఉంది. తమిళనాడు తంజావూరు ప్రాంతంలో దళిత కూలీల భూమి కోసం పనిచేసిన ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ తీరమంతా తిరిగి ఇచ్చిన నివేదికలు ఆ తీర్పుకు ఆధారం. మన తీరమూ ఆ నివేదికల్లో ఉంది. బావులు ఉప్పగా మారడం, పొలాలు చెడటం అప్పుడు కాగితానికెక్కింది. అయితే కేసుకోసం కొలవడం వేరు, ప్రతి నెలా కొలవడం వేరు. తీర్పు తర్వాత చట్టాలు మారాయి, 2005లో తీర జలసాగుకు వేరే చట్టమే వచ్చింది, చెరువులు మిగిలాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరి మొగల్లోకి వేసవిలో ఎంత మంచినీరు రావాలన్నది ఎగువ కాలువల అవసరాన్ని బట్టే నడుస్తోంది. దిగువన ఉప్పుటేళ్ళలో పీతలు పట్టే, గుల్లలు ఏరే కుటుంబాల దగ్గర ఆ మార్పుల జ్ఞాపకం ఉంది, లెక్క లేదు.

ఆ లెక్క మొదలుపెట్టడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. నీటిలో ఆక్సిజన్ కొలిచే పద్ధతిని 1888లో హంగరీ శాస్త్రవేత్త వింక్లర్ కనిపెట్టాడు. డిగ్రీ కాలేజీ లాబొరేటరీలో ఈ రోజుకూ అది చేయొచ్చు. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒడ్డునే రెండు రసాయనాలు కలిపి మూత బిగిస్తే ఆక్సిజన్ అక్కడే కట్టుబడుతుంది, మిగతా పని లాబొరేటరీలో. ఒకే చోట, ఒకే ఆటు చివర, తెల్లవారుజామున, పైనీళ్ళూ అడుగునీళ్ళూ విడిగా తియ్యాలి. తేదీ, వేళ, తిథి, పోటా ఆటా, వాన పడిందా, ఏ చేపలు ఏ గుల్లలు దొరికాయి, ఎవరికి ఒళ్ళు దురద పెట్టింది, అన్నీ రాయాలి. చూసినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి, రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. కోర్టులో అది నేరుగా చెల్లకపోవచ్చు. కానీ అధికారిని ఏ వేళకు, ఏ చోటికి, ఎంత లోతుకు రమ్మనాలో అది చెబుతుంది. వచ్చిన అధికారి మధ్యాహ్నం పోటు మీద పైనీళ్ళు పట్టుకుని వెళ్ళబోతే ఆపి అడిగే ధైర్యాన్నీ ఇస్తుంది. దళిత వాడల్లోంచి రసాయన శాస్త్రం, జంతుశాస్త్రం చదవడానికి వస్తున్న పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని ఏముంటుంది? వాళ్ళ అమ్మమ్మలకు తెలిసినదానికి వాళ్ళు అంకెలు రాయాలి.

అంబేద్కర్ మహద్‌లో అడిగింది నీళ్ళు తాగే హక్కు. కొచ్చిలో పులయలు తీసుకున్నది నీటి మీద నిలబడి మాట్లాడే హక్కు. ఇప్పుడు అడగాల్సింది నీటి గురించి సాక్ష్యం చెప్పే హక్కు. సీసా మీద మూడో సంతకానికి చోటు కావాలని కాలుష్య మండళ్ళనూ, శాసనసభలనూ అడుగుదాం. అది వచ్చేదాకా ఆగకుండా మన పుస్తకంలో మన సంతకాలతో రాస్తూ పోదాం.